చందాల జాబితాలోంచి పేరు, ఊరు, పైకం విడదీసే రెజెక్స్

తెనాలిలో నాది చిన్న డీటీపీ షాపు. పదిహేడేళ్లుగా ఇదే పని. ఫాల్గుణం సగంలో పడిందంటే శుభలేఖలతో పాటు శ్రీరామనవమి కరపత్రాలు మొదలవుతాయి. ముందు వైపు కల్యాణం ముహూర్తం, వెనక వైపు చందాదారుల పేర్లు. ఆ పేర్లు ఒకప్పుడు రూళ్ల నోటుబుక్కులో వచ్చేవి, పక్కన పెట్టుకుని చూసి కొట్టేదాన్ని. ఇప్పుడు వాట్సాప్‌లో వస్తున్నాయి. ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టి పంపుతారు. అందులోంచి పేరు ఒక కాలమ్‌లోకి, ఊరు ఒక కాలమ్‌లోకి, పైకం ఒక కాలమ్‌లోకి రావాలి. రెండు వందల లైన్లు చేత్తో విడదీస్తే ఒక పూట పోతుంది. పైగా కళ్లు అలిసిపోయి ఒకరి పైకం ఇంకొకరి పేరు పక్కన పడుతుంది. నేను రెజెక్స్ నేర్చుకున్నది ఇందుకోసమే. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాలన్నీ ఇంగ్లీషు అక్షరాలను తలలో పెట్టుకుని రాసినవి. తెలుగు మీద అవి ఎక్కడెక్కడ తప్పుతాయో ఒక్కొక్కటీ దెబ్బతిని తెలుసుకున్నాను. ఆ చోట్లన్నీ ఇక్కడ చెబుతాను.

రెజెక్స్ అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. మనకు కావలసిన ముక్క ఎలా ఉంటుందో, దానికి ముందు వెనక ఏముంటుందో గుర్తులతో రాసి చెప్పడం. నేను గూగుల్ షీట్స్‌లో చేస్తాను, ఫోన్‌లో కూడా నడుస్తుంది కాబట్టి. అక్కడ రెజెక్స్‌ఎక్స్‌ట్రాక్ట్ అనే ఫార్ములా ఉంది. ఫార్ములా పేరు, సెల్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, తీరు ఇది:

=రెజెక్స్‌ఎక్స్‌ట్రాక్ట్(ఏ2, బి$1)

ఏ కాలమ్‌లో లైన్లు ఉంటాయి. బి1 సెల్‌లో ప్యాటర్న్ ఉంటుంది. ప్యాటర్న్‌ను ఫార్ములాలోనే కోట్స్ మధ్య రాయొచ్చు గానీ, నేను ఎప్పుడూ కాలమ్ నెత్తిన ఒక సెల్‌లో పెడతాను. మార్చాలంటే ఒక్కచోట మారిస్తే రెండు వందల లైన్లకూ మారుతుంది. ఇంకో లాభం, ఫోన్ కీబోర్డు వేసే వంకర కోట్స్ వల్ల ఫార్ములా విరిగిపోయే బాధ ఉండదు.

ఒక మాట ముందే. అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్ల మీద ఇదేదీ పనిచేయదు. తెరమీద తెలుగు కనిపిస్తున్నా, లోపల ఉన్నవి వేరే గుర్తులు. ముందు వాటిని ఫోన్లు వాడే యూనికోడ్‌లోకి మార్చుకుని మొదలుపెట్టండి.

ఇక లైన్లు. పేర్లు మార్చాను, వచ్చే తీరు మాత్రం అచ్చంగా ఇదే:

వెంకట సుబ్బారావు గారు (గుంటూరు) రూ.1,116/-
కీ.శే. సీతమ్మ గారి జ్ఞాపకార్థం కుమారుడు రాఘవయ్య గారు (డల్లాస్) రూ.10,116/-
లక్ష్మీనారాయణ గారు, అన్నపూర్ణ గారు (తెనాలి) రూ. 516/-
ఆంజనేయులు గారు (కొల్లిపర) బియ్యం 2 బస్తాలు, రూ.1116
ప్రసాద్‌గారు (విజయవాడ) ₹2,116 శివయ్య గారు తెచ్చి ఇచ్చారు

ప్యాటర్న్ రాసే ముందు నేను కీబోర్డు ముట్టుకోను. లైన్లను రెండు మూడు సార్లు చదువుతాను. నాకు కావలసినవి పేరు, ఊరు, పైకం. అవి లైను లైనుకీ మారతాయి. వాటిని పట్టుకోబోతే దొరకవు. మారనివి వాటి ఇరుగుపొరుగు. పైకానికి ముందు ‘రూ’ ఉంటుంది, ఊరికి రెండు పక్కలా బ్రాకెట్లు ఉంటాయి, పేరు వెనక ‘గారు’ ఉంటుంది. మన వాళ్లు చందా రాసేటప్పుడు ఏది మర్చిపోయినా ‘గారు’ మర్చిపోరు. ఆ మర్యాదే మనకు పట్టుకొమ్మ.

పైకంతో మొదలుపెడదాం, అది తేలిక. అంకెలు కావాలంటే చదరపు బ్రాకెట్లో ఇలా రాస్తాం:

[0-9]+

సున్నా నుంచి తొమ్మిది దాకా ఏదో ఒక అంకె, ప్లస్ అంటే అలాంటివి ఒకటి గానీ అంతకన్నా ఎక్కువ గానీ. మొదటి లైను మీద వేస్తే వచ్చేది 1. ఒక్క రూపాయి! కామా అంకె కాదు కాబట్టి అక్కడే ఆగిపోయింది. సరే, కామా కూడా చేర్చి [0-9,]+ అంటే మొదటి లైను బాగుపడుతుంది. నాలుగో లైనులో మాత్రం ఆంజనేయులు గారి చందా 2 అని వస్తుంది, బియ్యం బస్తాల లెక్క ముందు కనపడింది కదా. అందుకని పొరుగును పట్టుకోవాలి:

(?:రూ\.?|₹) *([0-9][0-9,]*[0-9])

దీన్ని ముక్కలుగా చూడండి. చుక్కకు రెజెక్స్‌లో ‘ఏ గుర్తయినా సరే’ అని అర్థం. మనకు మామూలు చుక్క కావాలి కాబట్టి ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాం. దాని వెనక ప్రశ్నార్థకం అంటే ఆ చుక్క ఉన్నా లేకపోయినా ఫరవాలేదని. నిలువు గీత ‘లేదా’. ఖాళీ తర్వాత స్టార్, ఖాళీలు ఎన్నయినా ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. గుండ్రటి బ్రాకెట్లు చాలా ముఖ్యం. షీట్స్ మనకు తిరిగి ఇచ్చేది ఆ బ్రాకెట్ల లోపలి ముక్కనే, బయట ఉన్నది గుర్తుపట్టడానికి మాత్రమే. బ్రాకెట్ తెరవగానే ప్రశ్నార్థకం, కోలన్ ఉంటే మాత్రం ‘ఇది కలిపి చదవడానికే, ఇవ్వొద్దు’ అని చెప్పినట్టు.

అంకెతో మొదలై అంకెతోనే ముగియాలని రాయడానికి కారణం ఉంది. కొందరు ‘రూ.1116, బియ్యం’ అని రాస్తారు. ఊరికే [0-9,]+ అంటే చివరి కామా కూడా అతుక్కుని వస్తుంది. ఒకే అంకె చందా దీనికి దొరకదు, కానీ మా దగ్గర నూటపదహార్లకు తక్కువ రాయించేవాళ్లను నేను చూడలేదు.

‘1116 రూపాయలు’ అని వెనక రాసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల కోసం ఇదే ప్యాటర్న్‌ను సాగదీయకండి, చదవలేనంత అవుతుంది. ([0-9][0-9,]*[0-9]) *రూపా అని ఇంకోటి రాసి, మొదటిది దొరక్కపోతే రెండోది చూడమని ఇఫ్‌ఎర్రర్‌లో రెండూ పెట్టండి. మా జాబితాలో ఒక రిటైరైన మాస్టారు ౧,౧౧౬ అని తెలుగు అంకెల్లో పంపుతారు. చూస్తే ముచ్చటేస్తుంది. ఆ ఒక్క లైనూ నేను చేత్తో కొడతాను, దాని కోసం ప్యాటర్న్ పెంచను.

వచ్చిన పైకం ఇంకా అక్షరమే, అంకె కాదు. అలాగే మొత్తం కూడితే షీట్ సున్నా చూపిస్తుంది. సబ్‌స్టిట్యూట్‌తో కామాలు తీసేసి, వాల్యూ ఫార్ములాలో పెడితే అప్పుడు లెక్కకు వస్తుంది.

ఊరు ఒక్క ముక్కలో అయిపోతుంది:

\(([^)]+)\)

బయటి బ్రాకెట్లకు బ్యాక్‌స్లాష్ ఉంది, అవి లైనులో నిజంగా ఉన్న బ్రాకెట్లు. లోపలివి ‘ఇది నాకివ్వు’ అనే బ్రాకెట్లు. [^)] అంటే మూసే బ్రాకెట్ కానిది ఏదైనా. చదరపు బ్రాకెట్ లోపల మొదట ఉండే టోపీ గుర్తుకు ‘కానిది’ అని అర్థం.

ఇప్పుడు పేరు. నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. నిదానంగా చెబుతాను.

పేరంటే తెలుగు అక్షరాలు కదా అని మొదట నేను [అ-హ]+ అని రాశాను. సీతమ్మ మీద వేస్తే ‘స’ అని వచ్చింది. అంతే, ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు సీతమ్మ మూడు అక్షరాలు కాదు, ఆరు గుర్తులు: స, దీర్ఘపు గుడి, త, మ, పొల్లు, మ. అ నుంచి హ దాకా ఉన్న వరసలో గుణింతపు గుర్తులు లేవు, అవి హ తర్వాత ఉన్నాయి. సున్నా అయితే అ కన్నా ముందు ఉంది. అందుకే మొదటి గుడి దగ్గరే ప్యాటర్న్ ఆగిపోయింది. యూనికోడ్‌లో తెలుగుకు ఇచ్చిన 128 గళ్లనూ పట్టాలంటే [ఀ-౿] అని రాయాలి. ఆ చివరి గుర్తు ఏమిటో తెలుసా? తూము. మన తాతలు ధాన్యం కొలిచిన తూమే, దానికీ ఒక గడి ఇచ్చారు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అయితే ‘ఏ అక్షరమైనా సరే’ అనడానికి చాలామంది బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ వాడతారు, అక్కడి మామూలు రెజెక్స్ మాడ్యూల్‌లో అది కూడా గుణింతం దగ్గర మాటను ముక్కలు చేస్తుంది.

ఇదే కారణంతో వచ్చే ఇంకో తప్పు ఉంది. ‘శ్రీ’ ఉన్నా లేకపోయినా ఫరవాలేదని చెప్పడానికి శ్రీ? అని రాస్తే చెల్లదు. మన కంటికి శ్రీ ఒక అక్షరం. లోపల శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి అని నాలుగు. ప్రశ్నార్థకం చివరి గుడికి మాత్రమే తగులుతుంది. అందుకని మొత్తాన్ని బ్రాకెట్లో పెట్టాలి, (?:శ్రీ )? అని. శ్రీ తర్వాత ఖాళీ ఉంది చూశారా, దాన్ని వదలకండి. ఆ ఖాళీ లేకుండా రాసి చూస్తే శ్రీనివాసరావు గారు నివాసరావు గారు అవుతారు.

తెలుగు అక్షరాలన్నీ పట్టే [ఀ-౿] కూడా పేర్లకు నేను వాడను. పేరులో ఖాళీలు ఉంటాయి, ‘కీ.శే.’లో చుక్కలు ఉంటాయి, కనపడని గుర్తులు కూడా ఉంటాయి, వాటి సంగతి కింద చెబుతాను. ఏమేం ఉండొచ్చో అన్నీ ఏకరువు పెట్టేకంటే, ఏం ఉండకూడదో చెప్పడం మన భాషకు సుఖం.

ముందు నేను రాసిన ప్యాటర్న్ ఇది:

^(.+?) గారు

మొదటి టోపీ ‘లైను మొదట్లోనే’ అని చెబుతుంది. ప్లస్ వెనక ప్రశ్నార్థకం ఉంటే ‘ఎంత తక్కువలో సరిపోతే అంతే తీసుకో’ అని అర్థం. అది లేకపోతే ప్లస్ దొరికినంతా లాగుతుంది. పాఠాలన్నీ ఈ ప్రశ్నార్థకం పెట్టమనే చెబుతాయి, నేనూ పెట్టాను. మొదటి లైనుకు వెంకట సుబ్బారావు అని చక్కగా వచ్చింది. పది లైన్లు చూశాను, బాగున్నాయి. అచ్చుకిచ్చాను.

పండగకు రెండు రోజుల ముందు ఒక పెద్దావిడ కరపత్రం పట్టుకుని షాపుకొచ్చింది. పైన నేను అన్నపూర్ణ అని రాసింది ఆవిడ గురించే. భార్యాభర్తలిద్దరూ కలిసి రాయించారు. భర్త పేరు ఉంది, ఆవిడ పేరు లేదు. మొదటి ‘గారు’ దగ్గరే నా ప్యాటర్న్ ఆగిపోయింది మరి. ‘అందులో సగం నా పింఛను డబ్బులమ్మా’ అంది, అంతే అంది, అరవలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గుడిలో అంటించే పెద్ద జాబితా ఇంకా అచ్చుకు వెళ్లలేదు, అందులో ఇద్దరి పేర్లూ సరిచేసి, నేనే తీసుకెళ్లి ఆవిడకు చూపించాను.

సరే, ఆ ప్రశ్నార్థకం తీసేసి ^(.+) గారు అంటే? మూడో లైనుకు ఇద్దరూ వస్తారు: లక్ష్మీనారాయణ గారు, అన్నపూర్ణ. కానీ ఐదో లైనులో ప్రసాద్ మొదలుకుని విజయవాడ, రెండువేల నూటపదహార్లు అన్నీ దాటుకుని శివయ్య దాకా లాక్కొస్తుంది. చందా తెచ్చి ఇచ్చినాయన కూడా చందాదారుడైపోతాడు. తక్కువ లాగితే ఒక తప్పు, ఎక్కువ లాగితే ఇంకో తప్పు. కావలసింది కంచె:

^([^(0-9]+)గారు

తెరిచే బ్రాకెట్‌గానీ అంకెగానీ రానంత వరకే లాగు, ఆ లోపల కనిపించే చివరి ‘గారు’ దగ్గర ఆగు అని దీనర్థం. మూడో లైనులో ఇద్దరూ వస్తారు, ఐదో లైనులో ప్రసాద్ ఒక్కరే వస్తారు. ఊరు రాయనివాళ్ల లైనులో కూడా పైకం అంకె కంచెగా నిలుస్తుంది. ‘గారు’ ముందు ఖాళీ నేను కావాలనే తీసేశాను. పేరుకు అతికించి రాసేవాళ్లు చాలామంది. అందువల్ల కొన్ని పేర్ల చివర ఖాళీ మిగులుతుంది, ట్రిమ్ ఫార్ములా దాన్ని కోసేస్తుంది.

రెండో లైను మిగిలింది. దాని మీద ఇది వేస్తే కీ.శే. సీతమ్మ దగ్గర్నుంచి మొత్తం వస్తుంది. చందా ఇచ్చింది కొడుకు, తల్లి పేరు జ్ఞాపకార్థం కాలమ్‌లో వేరుగా ఉండాలి. జ్ఞాపకార్థం అనే మాటను సగం మంది ‘ధ’తో రాస్తారు. కింద వత్తు ఎలా ఉన్నా పట్టాలంటే:

(.+) గారి జ్ఞాపకార్[థధ]ం

పొల్లు తర్వాత చదరపు బ్రాకెట్ పెట్టడం చూడ్డానికి వింతగా ఉంటుంది, తెరమీద అక్షరం విడిపోయి కనపడుతుంది. భయపడకండి. లోపల ర, పొల్లు, ఆ తర్వాత థ గానీ ధ గానీ, తర్వాత సున్నా, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగానే ఉన్నాయి. వత్తులనూ గుణింతాలనూ ఇలా ఒక్కొక్క గుర్తుగా చూడడం అలవాటైతే తెలుగు రెజెక్స్‌లో సగం పని వచ్చేసినట్టే. ఈ కాలమ్‌కు మాత్రం ఇఫ్‌ఎర్రర్ పెట్టి, దొరకని చోట ఖాళీ ఉంచుతాను. అందరూ ఒకరి జ్ఞాపకార్థమే ఇవ్వరు కదా.

చందాదారుడి కాలమ్‌కు ఇప్పుడు నేను వాడే ప్యాటర్న్ పూర్తిగా ఇదీ:

^(?:.+జ్ఞాపకార్[థధ]ం )?(?:శ్రీమతి |శ్రీ )?([^(0-9]+)గారు

ఇవ్వమనే బ్రాకెట్ ఇందులో ఒక్కటే ఉంది. రెండు పెడితే షీట్స్ రెండు కాలమ్‌లలో పోస్తుంది, పక్క కాలమ్‌లో అప్పటికే ఏదైనా ఉంటే ఎర్రర్ చూపిస్తుంది. ఒక ప్యాటర్న్‌కు ఒక ముక్కే నాకు ఇష్టం.

ఇంటర్నెట్‌లో ‘ముందు ఇది ఉంటేనే’, ‘వెనక అది ఉంటేనే’ అని చూసే లుక్‌ఎరౌండ్ ప్యాటర్న్‌లు దొరుకుతాయి, బ్రాకెట్లో ప్రశ్నార్థకం, సమానం గుర్తు ఉంటాయి వాటికి. గూగుల్ షీట్స్ వాడే ఆర్‌ఈ2 అనే రెజెక్స్ ఇంజన్‌లో అవి లేవు. కాపీ చేసుకుని పని చేయలేదని తల పట్టుకోకండి. మనం పైన చేసినట్టు ఇరుగుపొరుగును బయట రాసి, కావలసింది బ్రాకెట్లో పెడితే అదే పని జరుగుతుంది.

కనపడని గుర్తు సంగతి చెబుతానన్నాను. ఐదో లైనులో ‘ప్రసాద్‌గారు’ చూడండి. దకారపు పొల్లుకీ గాకీ మధ్య ఒక గుర్తు ఉంది. అది లేకపోతే ద కింద గ వత్తు పడి ‘ప్రసాద్గారు’ అయిపోతుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, మన తెలుగు కీబోర్డుల్లో చాలావరకు వస్తుంది. పేరు విడదీశాక అది పేరు చివర ఉండిపోతుంది. ట్రిమ్ దాన్ని తీయదు. ఒక ఏడాది ఒకే ప్రసాద్ గారు రెండుసార్లు చందా ఇస్తే, రెండూ కలిపి కూడాల్సింది వేర్వేరు మనుషులుగా లెక్కపడ్డాయి. తెరమీద రెండు పేర్లూ ఒక్కలాగే ఉన్నాయి. గుర్తులు లెక్కపెట్టే లెన్ ఫార్ములా వేస్తే ఒకదానికి 7, ఇంకోదానికి 8 వచ్చింది, అప్పుడు దొరికింది. దాని నంబరు 8204. రెజెక్స్‌రిప్లేస్‌లో యూనిచార్(8204)&"$" అని వెతికి, లోపల ఏమీ లేని కోట్స్ ("")తో మార్చండి. డాలర్ గుర్తుకు ‘చివర ఉంటేనే’ అని అర్థం. అన్ని చోట్లా తీసేయకూడదు. రాజ్‌కుమార్ మధ్యలో ఉన్నది తీసేస్తే జ కింద క వత్తు పడి ఆయన పేరే పాడవుతుంది.

ప్యాటర్న్ దొరకని లైను దగ్గర షీట్ ఎర్రర్ చూపిస్తుంది. పేరు, పైకం కాలమ్‌లలో ఆ ఎర్రర్‌ను ఇఫ్‌ఎర్రర్‌తో కప్పి ఖాళీగా వదలకండి. రెండు ప్యాటర్న్‌లు వరసగా చూడమనడం వేరు, రెండూ దొరకనప్పుడు దాచేయడం వేరు. ఎర్రగా కనపడుతుంటేనే మనం వెళ్లి చూస్తాం. పోయినేడు 212 లైన్లలో తొమ్మిది అలా వచ్చాయి. ‘గారు’ బదులు ‘గార్లు’ అని రాసినవి నాలుగు, సంఘం పేరుతో ఇచ్చినవి మూడు, మిగతా రెండింట్లో పైకం అక్షరాల్లో రాశారు, ‘వెయ్యి నూటపదహార్లు’ అని. తొమ్మిదీ చేత్తో కొట్టాను, పది నిమిషాల పని.

ఎర్రర్ రాకుండా తప్పు వచ్చేవే ప్రమాదం. అందుకని మూడు చోట్ల చూస్తాను. పేర్ల కాలమ్‌లో ‘గారు’, ‘గారి’ మిగిలిపోయిన లైన్లను ఫిల్టర్ చేసి ఒక్కొక్కటీ చదువుతాను, దంపతులవి అయితే సరే. పైకం కాలమ్ మొత్తం కూడి, కమిటీ కోశాధికారి పుస్తకంలోని మొత్తంతో సరిచూస్తాను, తేడా వస్తే పైకాన్ని చిన్నదాని నుంచి పెద్దదానికి పేరిస్తే 1, 2 లాంటివి పైకే తేలతాయి. చివరగా ప్రూఫ్ తీసి, కమిటీ వాళ్లలో ఒకరిని కూర్చోబెట్టి వాట్సాప్ మెసేజీలోంచి పేర్లు పైకి చదవమంటాను. ఒక్కో పేరు వినపడగానే నేను ప్రూఫ్ మీద టిక్కు పెడతాను. కింద వాళ్ల సంతకం పడ్డాకే ప్లేటుకు పంపుతాను.